టన్నుకెంత పడిందన్న లెక్క ఎక్కడ తీయాలి?

మఠంపల్లి, మేళ్లచెరువు, హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సున్నపురాయి గనుల్లో నెలాఖరు రివ్యూ అంటే ముందుగా అడిగే మాట ఒకటే: టన్నుకెంత పడింది? డ్రిల్లింగ్‌కి ఇంత, పేలుడు మందుకి ఇంత, డీజిల్‌కి ఇంత, టైర్లకి ఇంత. ఏ పద్దులో ఖర్చు తగ్గితే ఆ పద్దు చూసే మనిషికి మంచి పేరు. ఈ పద్దుల పద్ధతే మన గనుల ఉత్పాదకతను తినేస్తున్నదని నా గట్టి అభిప్రాయం. ఒక పద్దులో మిగిలిన రూపాయి పక్క పద్దులో రెండు మూడు రూపాయలై తేలుతుంది. రాయి క్రషర్ దాటి, మిల్లులో నలిగి బయటికి వచ్చేదాకా అయిన ఖర్చంతా ఒకే కాగితం మీద వేస్తే తప్ప ఏది పొదుపో ఏది దండగో తేలదు.

డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ దగ్గరే మొదలుపెడదాం. అసలు కథంతా అక్కడే ఉంది.

115 మిల్లీమీటర్ల రంధ్రం, 9 మీటర్ల బెంచి, అంటే గనిలో మెట్టులా తవ్వే ఒక్కో అంచె ఎత్తు, అనుకుందాం. బర్డెన్, అంటే రంధ్రాల వరసకీ ముందున్న ఖాళీ ముఖానికీ (రాయి తెగి నిలువుగా బయటపడిన వైపుకీ) మధ్య దూరం, 3.5 మీటర్లు. స్పేసింగ్, అంటే వరసలో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం, 4.5 మీటర్లు. ఘనపు మీటరుకు 2.5 టన్నుల చొప్పున ఒక్కో రంధ్రం 354 టన్నుల రాయిని పడగొట్టాలి. అడుగు సాఫీగా తెగాలని బెంచి మట్టం కింద మరో 0.9 మీటరు దించుతారు కాబట్టి రంధ్రం లోతు 9.9 మీటర్లు. పైన 3 మీటర్లు స్టెమ్మింగ్‌కు, అంటే మందు మీద రంధ్రాన్ని పూడ్చి బిగించడానికి, వదిలితే మందు పట్టేది 6.9 మీటర్లు. ఈ సైజు రంధ్రంలో ఆన్‌ఫో, అంటే అమ్మోనియం నైట్రేట్‌లో డీజిల్ కలిపిన మందు, మీటరుకు 8.8 కిలోల దాకా పడుతుంది. మొత్తం 60 కిలోలు వేసుకోండి. కిలో మందుకు దాదాపు 6 టన్నులు.

ఇప్పుడు పైనుంచి ఖర్చు తగ్గించమని ఒత్తిడి వస్తుంది. అన్నిటికంటే సులువైన దారి రంధ్రాలను దూరం జరపడం. బర్డెన్ 4, స్పేసింగ్ 5 మీటర్లు చేస్తే అదే రంధ్రం, అదే 60 కిలోల మందు, కానీ కాగితం మీద రాయి 450 టన్నులు. కిలోకు 7.5 టన్నులు. డ్రిల్లింగ్, మందు ఖర్చు టన్నుకు 20 శాతం పైనే తగ్గింది. ఆ నెల రివ్యూలో అందరూ సంతోషిస్తారు.

గనిలో జరిగేది వేరు. హుజూర్‌నగర్ ప్రాంతంలో తగిలే నర్జి సున్నపురాయి పలకలు పలకలుగా పరుచుకుని ఉంటుంది. పలకల మధ్య, నిలువు పగుళ్లలో బంకమట్టి నిండి ఉంటుంది. మందు పేలినప్పుడు పుట్టే గ్యాసు రాయిని విడదీయకముందే ఆ మట్టి పొరల్లోంచి దారి చూసుకుని పోతుంది. రంధ్రాలు దగ్గరగా ఉన్నప్పుడు కూడా ఈ ఇబ్బంది ఉంది. దూరం జరిపితే రెండు రంధ్రాల మధ్య రాయి పగలకుండా పెద్ద పెద్ద బండలుగా జారి పడుతుంది. పై 3 మీటర్లలో మందు లేదు కాబట్టి అక్కడి పలకలు మంచాలంత సైజులో వస్తాయి. అడుగున టో మిగిలిపోతుంది, అంటే బెంచి నేల మట్టానికి తెగకుండా గడ్డలు గడ్డలుగా నిలబడిపోతుంది.

ఇక్కడినుంచి ఖర్చు పక్క పద్దులోకి మారుతుంది. 3 ఘనపు మీటర్ల బకెట్ ఉన్న పొక్లెయిన్ 35 టన్నుల డంపర్‌ను నింపుతోందనుకుందాం. (ఈ జోడీ అంత మంచిది కాదు. డంపర్ 4 నుంచి 6 బకెట్లలో నిండాలి. కానీ చాలాచోట్ల ఉన్న బండితోనే సర్దుకోవాలి.) రాయి బాగా పగిలితే బకెట్ 90 శాతం నిండుతుంది, ఒక బకెట్‌కు 4.3 టన్నులు, 8 బకెట్లతో డంపర్ కదులుతుంది. బకెట్‌కు 28 సెకన్ల చొప్పున 3 నిమిషాల 44 సెకన్లు. బండలు ఎక్కువైతే బకెట్ 70 శాతమే నిండుతుంది, 3.4 టన్నులు, 10 బకెట్లు కావాలి. ఆపరేటర్ బండను తప్పించి, పక్కకు దొర్లించి, మళ్లీ గుచ్చాలి కాబట్టి ఒక్కో బకెట్‌కు 35 సెకన్లు. మొత్తం 5 నిమిషాల 50 సెకన్లు. డంపర్ వెనక్కి వచ్చి నిలబడటానికి ఇంకో ముప్పావు నిమిషం కలపండి. 8 గంటల షిఫ్టులో టిఫిన్, బ్లాస్టింగ్ విరామం, డీజిల్ పట్టడం పోను 6 గంటలు పని జరిగితే, మొదటి పద్ధతిలో 80 డంపర్లు, 2800 టన్నులు. రెండో పద్ధతిలో 55 డంపర్లు, 1900 టన్నుల చిల్లర. అదే మనిషి, అదే యంత్రం, దాదాపు అంతే డీజిల్. దాదాపు మూడో వంతు ఉత్పత్తి పోయింది. మందు పద్దులో దాచిన 20 శాతం ఎక్కడికి పోయిందో ఎవరూ రాయరు, ఎందుకంటే లోడింగ్ పద్దు వేరేవాళ్లది.

క్రషర్ దగ్గర ఇంకా నష్టం. గంటకు 800 టన్నుల క్రషర్ హాపర్‌లో, అంటే డంపర్ రాయి పోసే గరాటులో, ఒక బండ అడ్డం పడి పావుగంట ఆగితే 200 టన్నులు పోయినట్టే. రాక్ బ్రేకర్ వచ్చి పగలగొట్టేదాకా వెనక డంపర్లు ఇంజన్లు ఆపకుండా వరసలో నిలబడతాయి. ముఖం దగ్గర బండలను పగలగొట్టడానికి ఇంకో రాక్ బ్రేకర్, దానికి డీజిల్, ఉలి, ఆపరేటర్. కొన్నిచోట్ల ఆ బండలకే మళ్లీ చిన్న రంధ్రాలు వేసి మందు పెడతారు. రాళ్లు ఎగిరిపడి మనుషులకు తగిలే ప్రమాదం అందులో చాలా ఎక్కువ. ఆ పని మానెయ్యాలి.

కరెంటు లెక్కలో చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. కిలో ఆన్‌ఫోలో ఉండే శక్తి దాదాపు 3.7 మెగాజౌళ్లు, అంటే ఒక యూనిట్ కరెంటుకు కాస్త ఎక్కువ. కిలోకు 6 టన్నుల చొప్పున టన్నుకు పడేది 0.17 యూనిట్. అందులోనూ చాలాభాగం అదురు కింద, శబ్దం కింద పోతుంది. అయినా చూడండి, క్రషర్‌లో టన్ను రాయికి 1 నుంచి 2 యూనిట్లు, దాన్ని పొడి చేసే మిల్లులో అంతకు ఎన్నో రెట్లు కాలుతుంది. బ్లాస్టింగ్ బాగుంటే రాయి లోపల కంటికి కనపడని పగుళ్లు పడతాయి, క్రషర్‌కూ మిల్లుకూ పని తగ్గుతుంది. రాయిని చిన్నది చేసే పనుల్లో అన్నిటికంటే చవకైనది బ్లాస్టింగే. చవకైన చోట పిసినారితనం చేసి, ఖరీదైన చోట ధారపోస్తున్నాం.

మందు ఎక్కువ వేస్తే చాలని నేను అనడం లేదు. వేసిన మందు పనిచెయ్యాలి. దానికి చూడాల్సినవి చాలావరకు ఖర్చులేనివే. మందు పోసే ముందు ప్రతి రంధ్రాన్నీ బరువు కట్టిన టేపుతో కొలవాలి. అంచులు కూలి ఒక మీటరు పూడిపోయిన రంధ్రంలో అలాగే మందు పోస్తే ఆ మీటరే రేపు టో అవుతుంది. రంధ్రంలో నీళ్లుంటే ఆన్‌ఫో పనికిరాదు, అమ్మోనియం నైట్రేట్ నీటిలో కరిగిపోతుంది. అక్కడ నీటికి తట్టుకునే మందులు, ఎమల్షనో స్లర్రీయో వాడాలి. కొంచెం తడే కదా అని పోసేస్తే పేలినప్పుడు నారింజరంగు పొగ లేస్తుంది. ఆ పొగ విషం, ఆ రంధ్రం దండగ. నైట్రేట్ 94 పాళ్లకు డీజిల్ 6 పాళ్లు ఉండాలి. డీజిల్ తగ్గినా అదే పొగ, ఎక్కువైతే శక్తి పడిపోతుంది.

స్టెమ్మింగ్ సంగతి మరీ అన్యాయం. రంధ్రం పక్కనే ఉంది కదా అని డ్రిల్లింగ్ పొడినే పారతో నెట్టేస్తారు. ఆ పొడి గ్యాసును పట్టి ఉంచలేదు, తుపాకీ గొట్టంలోంచి వచ్చినట్టు పైకి ఎగజిమ్ముతుంది. రంధ్రం వ్యాసంలో పదోవంతు, అంటే 10 నుంచి 12 మిల్లీమీటర్ల కోణాల చిప్స్ నింపితే అవి ఒకదానికొకటి బిగుసుకుని గ్యాసును లోపలే ఆపుతాయి. క్రషర్ సొంతంగా ఉన్న గనిలో ఒక టిప్పర్ చిప్స్ పెద్ద ఖర్చేమీ కాదు. ఇక డిలేలు, అంటే ఒక రంధ్రం పేలాక ఇంకోటి పేలేదాకా ఇచ్చే వ్యవధి. వరసలో రంధ్రానికి రంధ్రానికీ 17 లేక 25 మిల్లీసెకన్లు, వరసకూ వరసకూ 42 లేక 67 మిల్లీసెకన్లు మామూలుగా వాడతారు. వెనక వరస పేలేలోపు ముందు వరస రాయి కదిలి చోటివ్వాలి. చోటివ్వకపోతే రాయి పైకి లేచి మళ్లీ అక్కడే కూలబడుతుంది, గుట్ట బిర్రుగా ఉంటుంది, బకెట్ దిగదు.

ఊళ్ల దగ్గర పరిమితులు వేరు. గని యజమానివి కాని ఇళ్ల దగ్గర అదురు 8 హెర్ట్జ్ (సెకనుకు 8 కంపనాలు) లోపు అయితే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య 10, ఆపైన 15 దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లోనే చెప్పింది. దీనికి మందు తగ్గించడం ఒక్కటే మార్గం కాదు. ఒకే డిలేలో పేలే మందును తగ్గించాలి. ఒక రంధ్రాన్ని మధ్యలో చిప్స్‌తో రెండు డెక్కులుగా విడగొట్టి వేరువేరు సమయాల్లో పేలిస్తే మొత్తం మందు పెద్దగా తగ్గకుండానే అదురు తగ్గుతుంది. మట్టి పొర వచ్చినచోట మందు వెయ్యకుండా చిప్స్ వేస్తే గ్యాసూ పోదు. డ్రిల్లర్ ఏ లోతులో రాడ్ జారిపోయిందో రాసి ఇస్తేనే ఇది కుదురుతుంది. ఆ కాగితం రాయించే గనులు తక్కువ.

రోడ్డు గురించి ఒక్క లెక్క చాలు. గని లోపలి రోడ్డు ఎత్తు 16కు 1, అంటే 6.25 శాతం. రోడ్డు గట్టిగా, సాఫీగా ఉంటే చక్రం దొర్లడానికి అడ్డుపడే బలం బండి బరువులో 3 శాతం దగ్గర. గుంతలు, దుబ్బ, కారిపడిన రాళ్లు ఉంటే 8 శాతం. మొత్తం 9.25 కావాల్సింది 14.25 అయింది. ఇంజన్ శక్తి అంతే కాబట్టి ఎక్కుడు మీద వేగం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. నిండు డంపర్ రోజంతా అలా మూలుగుతూ ఎక్కుతుంది. రోడ్డును చదును చేసే గ్రేడర్ ఒక షిఫ్టు నడవాలంటే డీజిల్ వాడుతుంది కాబట్టి దాన్ని ఆపేస్తారు. గ్రేడర్ డీజిల్ ఒక పద్దు, డంపర్ డీజిల్ ఇంకో పద్దు! వానాకాలంలో రోడ్డుకు 2, 3 శాతం పక్కవాలు లేకపోతే నీళ్లు మధ్యలో నిలిచి ఉపరితలం కరిగిపోతుంది. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కుమ్మరిస్తే బురద అవుతుంది. పలచగా, తరచుగా చల్లాలి.

ఉత్పాదకత పెరిగినట్టు కనిపించే దొంగలెక్కలు ఇంకో రకం. పైమట్టి తీయడం రెండేళ్లు వాయిదా వేస్తే టన్ను ఖర్చు అందంగా తగ్గుతుంది. మూడో ఏడు ముఖం దొరకదు, అప్పుడు అద్దె యంత్రాలు తెచ్చి రెట్టింపు రేటుకు తీయిస్తారు. రాయి నాణ్యత దగ్గరా ఇంతే. సిమెంటుకు సున్నపురాయిలో కాల్షియం ఆక్సైడ్ సగటున 44 శాతం దగ్గర ఉంటే సరిపోతుంది. 48 శాతం ముఖం, 40 శాతం ముఖం సమానంగా కలిపితే ఆ 44 వస్తుంది. మంచి ముఖాన్నే తవ్వేస్తే ఇవాళ ఇబ్బంది ఉండదు, కానీ ఆ 40 శాతం రాయి కలుపుకునేందుకు ఏమీ మిగలక గుట్టగా పడి ఉంటుంది. లీజులో సగం రాయి అలా చచ్చిపోతుంది. క్లింకర్, అంటే సిమెంటు కోసం బట్టీలో కాల్చి తీసే గడ్డలు, టన్నుకు టన్నున్నర దాకా సున్నపురాయి కావాలి. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ నిక్షేపం మళ్లీ పుట్టేది కాదు. డ్రిల్లింగ్ పొడి నమూనాలను రంధ్రం రంధ్రానికీ ల్యాబ్‌కు పంపి, మెగ్నీషియా, సిలికా కూడా చూసి, మరుసటి రోజు ఏ ముఖం నుంచి ఎన్ని డంపర్లో ముందే రాసిపెట్టుకోవాలి.

మనిషికి ఇన్ని టన్నులు అనే కొలత కూడా అంతే మోసగించగలదు. పనిని కాంట్రాక్టుకు ఇచ్చేస్తే మస్టర్ రోల్‌లో మనుషులు తగ్గుతారు, మనిషికి టన్నులు అమాంతం పెరుగుతాయి. గనిలో మాత్రం అంతే మంది పనిచేస్తుంటారు, తక్కువ కూలికి, తక్కువ శిక్షణతో. దేశమంతా తిరిగి కాలువలు, డ్యాములు తవ్విన పాలమూరు కూలీల చెమట ఏ కంపెనీ మస్టర్‌లోనూ సరిగా ఎక్కలేదు. ఉత్పాదకత పెరిగిందని ఎవరైనా అంటే కాంట్రాక్టు మనుషుల గంటలు కూడా కలిపారా అని అడగాలి.

దేశం స్థాయి లెక్కలోనూ ఇవే చిక్కులు. ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2008లో తమ గనుల రంగాన్ని పరిశీలించింది. 2000-01 నుంచి 2006-07 మధ్య ధరలు, లాభాలు దూసుకెళ్తున్న కాలంలోనే శ్రమ, పెట్టుబడి రెండూ కలిపి కొలిచే ఉత్పాదకత 24 శాతం పడిపోయిందని తేల్చింది. అక్కడివాళ్లు పని మర్చిపోలేదు. మంచి నిక్షేపాలు తగ్గి, లోతుకు, నాసి రాయికి పోవాల్సి వచ్చింది. పెట్టిన పెట్టుబడి ఉత్పత్తిగా మారడానికి ఏళ్లు పట్టింది. నిక్షేపం నాణ్యతను లెక్కలోంచి తీసేసి చూస్తేనే మనుషుల, యంత్రాల పనితనం కనిపిస్తుంది. మన దగ్గరా ధర పెరిగిన ఏడాది లాభాన్ని ఉత్పాదకత అనుకోవడం, లోతుకు వెళ్లిన ఏడాది మేనేజర్‌ను తిట్టడం మామూలు.

మేనేజర్ చేతిలో లేని ఖర్చు ఎలాగూ ఉంది. సిమెంటు సున్నపురాయికి 2014 నుంచి టన్నుకు 80 రూపాయల రాయల్టీ. పాత లీజులకు అందులో 30 శాతం జిల్లా మినరల్ ఫౌండేషన్‌కు, అంటే మరో 24 రూపాయలు. 2015 చట్టసవరణ తర్వాత వేలంలో వచ్చిన లీజులకు ఇది 10 శాతమే, కానీ వేలం ప్రీమియం దాని మీద పడుతుంది. ఈ భారం కదలదు కాబట్టి, కదిలించగల మందు మీద, గ్రేడర్ మీద, స్టెమ్మింగ్ చిప్స్ మీద కత్తెర పడుతోంది. ఆ కత్తెర తప్పుచోట పడుతోందన్నదే నా బాధ.

కంకర మిషన్ల సంగతికొస్తే, జడ్చర్ల, షాద్‌నగర్, చౌటుప్పల్ చుట్టూ ఉన్న యూనిట్లలో నష్టం ఎక్కువగా జా క్రషర్ (రెండు దవడల మధ్య రాయిని నలిపే మిషన్) ముందూ, కోన్ క్రషర్ (దాన్ని ఇంకా చిన్న కంకర చేసే మిషన్) లోపలా జరుగుతుంది. జా నోటి వెడల్పులో 80 శాతం మించిన రాయి వేస్తే అది పైనే నాట్యం చేస్తుంది, నలగదు. మట్టి, సన్న రాయి జా లోకి వెళ్లకముందే గ్రిజ్లీ, అంటే జా ముందుండే ఇనుప కమ్మీల జల్లెడ, సందుల్లోంచి కిందికి జారిపోవాలి. వెళ్తే ప్లేట్లు ఊరికే అరుగుతాయి. మాంగనీసు ప్లేటు కింది భాగం ముందుగా అరుగుతుంది, సగం అరిగేసరికి తిరగేసి బిగిస్తే రెండో సగం కూడా పనికొస్తుంది. కోన్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. సగం ఖాళీగా నడిపితే రాయి రాయిని నలపదు, కంకర పలకలుగా వస్తుంది, కాంక్రీటు వాళ్లు తిరగ్గొడతారు. 20 మి.మీ. కంకర ఎక్కువ రావాలని రాయి నలిగే గ్యాప్ మరీ బిగిస్తే డస్ట్ పెరుగుతుంది, మోటారు ఆంప్స్ పెరుగుతాయి.

ఆ డస్ట్ దగ్గరే అందరూ రాయడం మర్చిపోయే ఖర్చు ఉంది. ఇక్కడి గ్రానైటు గుట్టల్లో క్వార్ట్జ్ బాగా ఉంటుంది. షాద్‌నగర్ వైపు క్వార్ట్జ్‌నే పొడి చేసే మిల్లులూ నడిచాయి. కంటికి కనపడనంత సన్నటి సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. దానికి మందు లేదు. నీళ్లతో డ్రిల్లింగ్, బెల్టు మార్పిడి దగ్గర సన్నటి స్ప్రే, జల్లెడలకు మూత, పనివాళ్లకు ఏటా ఎక్స్‌రే, వీటికయ్యే ఖర్చు టన్ను మీద పంచితే కొసరు. అవి లేకుండా వచ్చిన చవక కంకరకు మిగతా ధర ఒక ఇంట్లో ముప్పైయేళ్ల మనిషి చెల్లిస్తున్నాడు. దాన్ని సామర్థ్యం అనడానికి నాకు నోరు రాదు.

గ్రానైటు బ్లాకుల క్వారీల్లో తర్కం తలకిందులు. అక్కడ మందు ఎంత తక్కువైతే అంత లాభం, ఎందుకంటే పేలుడు వేసే సన్నటి పగులు పాలిష్ పట్టాక బయటపడి స్లాబు మొత్తం పోతుంది. ఒకదానికొకటి లంబంగా వేసిన రెండు రంధ్రాలు లోపల కలిసేలా చూసి, డైమండ్ వైరు (వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగ) దూర్చి, నీళ్లు ఆగకుండా పోస్తూ కోయడమే దారి. వైరు మీటరు ఖరీదు చూసి భయపడేవాళ్లు తవ్విన రాయిలో అమ్ముడుపోయే బ్లాకు ఎంత శాతమో లెక్కవేసుకోవాలి.

ఇదంతా తెలిసినవాళ్లు గనుల్లో లేకపోలేదు. ఫోర్‌మన్లకు, బ్లాస్టర్లకు బాగా తెలుసు. వాళ్ల చేతులు కట్టేసేది కాంట్రాక్టు రాసే తీరు. డ్రిల్లింగ్ మీటరుకింత అంటే కాంట్రాక్టర్ మీటర్లు చూస్తాడు, రంధ్రం సరైనచోట పడిందా అని చూడడు. ట్రిప్పుకింత అంటే టిప్పర్ సగం నిండి పరుగెడుతుంది. టన్నుకింత అంటే ఓవర్‌లోడ్, టైర్లు, బ్రేకులు, రోడ్డు మీద కారిన రాళ్లు. డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, లోడింగ్ మూడూ ఒకే ఒప్పందంలో పెట్టి, క్రషర్ బెల్టు తూకం మీద డబ్బు ఇవ్వాలి. మీటరు దాటిన బండలు 100 డంపర్లలో ఎన్ని వచ్చాయో హాపర్ దగ్గర లెక్కబెట్టి, ఒప్పుకున్న సంఖ్య దాటితే రేటు తగ్గించాలి, లోపల ఉంటే పెంచాలి. ప్రతి బ్లాస్టుకు ఒక పేజీ చాలు: బర్డెన్, స్పేసింగ్, కొలిచిన లోతులు, రంధ్రానికి పడిన మందు, నీళ్లు ఉన్నాయా, స్టెమ్మింగ్ ఏమిటి, ఊరి దగ్గర అదురు, ఆ రాయి మీద లోడర్ గంటకు ఎన్ని టన్నులు ఎత్తింది, క్రషర్ ఎన్ని నిమిషాలు ఆగింది, టన్నుకు ఎన్ని యూనిట్లు కాలింది. ఆరు నెలలు ఈ పేజీలు రాసి, బర్డెన్‌ను ఒకసారి పావు మీటరు చొప్పున మాత్రమే మార్చి చూస్తే ఆ గనికి ఏ కొలత చవకో దాని సొంత లెక్కే చెబుతుంది. పక్క గని కొలత తెచ్చి వాడొద్దు, పలకల మందం, మట్టి పొరలు అక్కడా ఇక్కడా ఒకేలా ఉండవు.